ఏటి మొగ దగ్గర నూకాలు

నూకాలు నా ముందు నడుస్తోంది, చీర గోచీ పోసి కట్టుకుని, నీలం కాన్వాసు బూట్లు తడి ఇసుకలో తపతపలాడిస్తూ, పందెం కట్టిన మనిషిలా, వెనక ఎవరొస్తున్నారో రావడం లేదో తనకేమీ పట్టనట్టు నడుస్తోంది. మేం దక్షిణానికి వెళ్తున్నాం కాబట్టి సముద్రం ఎడమ చేతివైపు ఉండాలి, కానీ కుడివైపు ఉంది, అదేమిటని నేను అడగబోతే, అడిగితే ఆమె వెనక్కి తిరుగుతుందేమో, తిరిగితే మాయమైపోతుందేమో అనిపించి ఊరుకుంటాను.

ఊరుకోలేక పిలుస్తాను. "ఒలే నూకాలూ, ఆగవే."

"నానాగితే నువ్వందుకుంతావేటి? బేగి రా."

ఆమె పోయిందని నాకు తెలుసు. నడక మధ్యలో ఆగిన జాలరిపేట స్కూలు వరండాలో, టీ గ్లాసు చేతిలో ఉండగానే నా భుజం మీదికి ఒరిగిపోయింది. నిద్రపోయిందనుకుని గ్లాసు తీసి పక్కన పెట్టింది దాలమ్మ. గుండె ఆగిపోయిందనీ, ఇంట్లో కూర్చున్నా ఆగేదేననీ డాక్టరు చెప్పాడు. కర్మ భోజనాల్లో విస్తరి ముందు కూర్చుని నేనూ దాలమ్మా అన్నం కెలికి లేచిపోయాం. ఇవన్నీ తెలిసి కూడా నేను ఆమె వెనకాల నడుస్తున్నాను, ఎందుకంటే కాలేజీ రోజుల నుంచీ నాకు అలవాటైంది అదే, ఆమె ముందు, నేను వెనక, దాలమ్మ ఎక్కడో ఆఖరున చెప్పులు చేత్తో పట్టుకుని.

మా ముగ్గురిదీ ఒకే కబడ్డీ జట్టు. ఆ తర్వాత నేను బస్సులో కండక్టరునయ్యాను, దాలమ్మ మిషను కుట్టుకుంది, నూకాలు తన అన్న రవణమూర్తి ఇంట్లో ముప్ఫై ఏళ్లు వంట చేసింది. యాభై దాటాక ఒకరోజు ఆ వంటింట్లోంచే ఫోను చేసి, ఒడిశా సరిహద్దు నుంచి తమిళనాడు సరిహద్దు దాకా సముద్రం ఒడ్డునే నడిచేద్దాం, వస్తారా చస్తారా అని అడిగింది. ఆ మాటకు మేం ఎంత నవ్వామో ఇప్పుడు నాకు కలలో కూడా వినిపిస్తోంది, అలల చప్పుడంతా ఆ నవ్వే అయిపోయింది.

ఇసుక గట్టిపడి సున్నం గీతలు తేలుతున్నాయి. మేం నిలబడింది ఒడ్డు కాదు, కాలేజీ గ్రౌండు, గ్రౌండు అంచున సరుగుడు చెట్ల కింద బెంచీల మీద మా ఊరి పెద్దలంతా కర్మ భోజనాలకు వచ్చిన బట్టలతోనే కూర్చున్నారు, విస్తర్లు ఒళ్లో పెట్టుకుని. మధ్యలో రవణమూర్తి మెడలో విజిల్ వేసుకుని నిలబడ్డాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఆ రోజున్నట్టే. ఆ రోజు ఆయన అందరి ముందూ అన్న మాటే ఇప్పుడూ అంటున్నాడు.

"నడిపించి నడిపించి నా సెల్లిని సంపీసినారు మీరు."

ఆ రోజు నేను నోరెత్తలేదు. చావింట్లో మాటకు మాట అనకూడదని పళ్లు బిగించి కూర్చున్నాను. ఇక్కడ నోరు దానంతటదే తెరుచుకుంటోంది, ఆపేవాళ్లు లేరు, గొంతు బస్సు కిక్కిరిసినప్పుడు అరిచే గొంతులా ఉంది.

"మేం నడిపించలేదు రవణమూర్తీ. తనే నడిసింది. నీ ఇంట్లో ముప్పై ఏళ్లు నిలబడింది కదా పొయ్యి కాడ, అప్పుడెవులైనా అడిగినారేటి కాళ్లు నొప్పెడతన్నాయా అని?"

ఆయన విజిల్ ఊదుతాడు. బెంచీల మీదివాళ్లంతా ఒక్కసారే "అవుట్" అంటారు, నన్ను కాదు, నూకాల్ని చూపిస్తారు. ఆమె భుజాలెగరేసి, గీత దాటి, అవుటైనవాళ్లు కూర్చునే చోట మఠం వేసుకుని కూర్చుంటుంది, బూట్లు విప్పి ఇసుక దులుపుకుంటుంది.

అప్పుడు నాకు ఆట నియమం గుర్తొస్తుంది, ఎంత తేలికైన సంగతి, ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదు అని ఒళ్లంతా వేడెక్కిపోతుంది: మనం ఒక్క పాయింటు తెస్తే అవుటైనవాళ్లలో ఒకరు మళ్లీ లోపలికి వస్తారు. నేను కూత అందుకుంటాను. కబడ్డీ కబడ్డీ కబడ్డీ అంటూ ఊపిరి తెంపకుండా మధ్య గీత వైపు పరిగెడుతున్నాను, మోకాళ్ల నొప్పులు లేవు, విస్తర్లు పట్టుకున్న పెద్దలంతా నా కాళ్లకు అడ్డం పడుతున్నారు, ఒకాయన చీలమండ పట్టుకున్నాడు, ఒకావిడ నడుం పట్టుకుని "ఈ వయసులో నీకిదేం ఖర్మ తల్లీ" అంటోంది, నేను వాళ్లందర్నీ ఈడ్చుకుంటూ వెళ్తున్నాను. గీత దగ్గరకొస్తోంది, మళ్లీ జరుగుతోంది, చెయ్యి చాచి నేల మీదికి దూకి గీతను ముట్టుకుంటాను. వేలి కింద సున్నం తడిగా తగిలింది.

"పాయింట్!" అని అరుస్తాను. "లెగు నూకాలూ, లోపలికి రా! పాయింటొచ్చింది!"

ఆమె లేవదు. బూటు తాడు ముడి వేసుకుంటూ తలెత్తి నన్ను చూస్తుంది. చిన్నప్పటి మొహం కాదు, పోయిన రోజు మొహమే, ఎండకు కమిలి, పెదాలు పగిలి, ఎంతో హాయిగా ఉన్న మొహం.

"అది ఆటలోనే గౌరీ," అంటుంది.

గ్రౌండు పోయింది. జనం పోయారు. నేను బోర్లా పడున్నది రవణమూర్తి వంటింట్లో, గచ్చు మీద ఇసుక, గుమ్మంలోంచి కెరటం వచ్చి పొయ్యి దాకా పాకి వెనక్కి పోతోంది. నూకాలు గిన్నె కడుగుతోంది. నాకు ఏడుపొస్తోంది, ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వస్తోంది.

"నువ్వెందుకు మళ్లీ ఇక్కడికొచ్చీసినావు? బయిటకి రా."

"గిన్నె నాదేనే. కడిగీసి ఎల్లిపోతాను." గిన్నె బోర్లించి చేతులు కొంగుకు తుడుచుకుని నా పక్కన కూలబడుతుంది. "ఏటంతన్నాడు మా అన్న?"

"మేం సంపీసినామంట."

"నువ్వేటనుకుంతన్నావు?"

"ఏమో. పొద్దెక్కినాక ఎండలో నడవకుండా ఉంటే..."

"నోర్ముయ్యి," అంటుంది నూకాలు. అంత గట్టిగా ఆమె అరవడం నేను ఒక్కసారే విన్నాను, ఫైనల్లో రెఫరీ మీద. "నా కాళ్లు, నా గుండికాయ, నా నడక. ఆడేమో నా సెల్లిని సంపీసినారంతాడు, నువ్వేమో నానే సంపీసినానేమోనంతావు. నా సావు మీద మీ పెత్తనాలేటే? బతికినన్నాళ్లూ ఎవులో ఒకలు తోలితే ఎల్లినాను. అదొక్కటీ నా అంతట నాను సేసినాను. దాన్ని కూడా లాక్కుంతారేటి?"

కెరటం వచ్చి మా ఇద్దరి కాళ్లూ తడిపి పోతుంది. పొయ్యిలో మంట మాత్రం ఆరదు.

"అన్న ఏడిసినాడా?" అని అడుగుతుంది, గొంతు తగ్గించి.

"ఏడిసినాడు. నిజింగానే ఏడిసినాడు."

"ఏడవనీ. ఆడికి నానంటే పేనమే. ఆడికి నానంటే పేనం, నాకు ఆ ఇల్లంటే సికాకు. రెండూ నిజివే." కాళ్లకంటిన ఇసుక దులుపుకుంటూ, "మరిప్పుడెక్కడున్నారు మీరు?" అంటుంది.

చెబుతాను. ఆగిన చోటికే బస్సెక్కి తిరిగి వచ్చామనీ, ఆ స్కూలు వరండాకు దండం పెట్టుకుని అక్కణ్నుంచే మళ్లీ మొదలుపెట్టామనీ, కర్మ అయిన వెంటనే ఇలా బయల్దేరినందుకు మా ఇళ్లల్లో మాతో మాటలు లేవనీ, ఈ మధ్యాహ్నం ఏరు సముద్రంలో కలిసే ఒక ఏటి మొగ దగ్గర చిక్కుకుపోయామనీ చెబుతాను. దాటించే పడవ లేదు. రవణమూర్తి సాయంత్రానికి జీపు వేసుకుని వచ్చి మమ్మల్ని ఎక్కించుకుపోతాడట, దాలమ్మ మొగుడు కూడా ఆ జీపులోనే వస్తాడట. "దాలమ్మ ఎల్లిపోతానంతంది. పొద్దుట నుంచి ఏడుత్తంది. నువ్వు లేని నడక నడకలా లేదంతంది. నానొక్కదాన్నీ ఎలగెల్తాను సెప్పు?"

ఇదంతా చెబుతూనే నడుస్తున్నానని ఇప్పుడు గమనిస్తాను, వంటింటి గుమ్మం దాటితే ఏటి మొగే వచ్చింది, అచ్చం మేం ఆగిపోయిన చోటే, ఒక పక్క ఏరు, ఒక పక్క సముద్రం, మధ్యలో ఎటు పోవాలో తేలని నీళ్లు, అవతల ఇసుక తిప్ప మీద ఎండలో మెరుస్తున్న పీతల బొరియలు. ఎండ ఉంది గానీ మా నీడలు లేవు. సముద్రం మళ్లీ ఎడమ చేతివైపుకు వచ్చేసింది.

అడగవలసింది ఒకటి మిగిలింది. తడ ఊరు దాటి తమిళనాడు సరిహద్దు రాయి కనబడగానే ముగ్గురం ఒకేసారి చెయ్యి వెయ్యాలని అనుకున్నాం. ఎవరూ ముందు పరిగెత్తకూడదని నూకాలే ఒట్టు వేయించింది, ముందు పరిగెత్తేది తనే కాబట్టి.

"నువ్వు లేకండా మేం ఆ రాయి ముట్టుకుంటే నీకు కోపం రాదేటే?"

రాదంటుందని అనుకుంటాను. పోయినవాళ్లు ఇలాంటప్పుడు తల నిమిరి, మీరు వెళ్లండి, మీ సంతోషమే నా సంతోషం అంటారని ఎక్కడో మనసులో ఉంది. నూకాలు నడుం మీద చేతులు పెట్టుకుని నా ఎదురుగా నిలబడుతుంది.

"ఎందుకు రాదు? ఒళ్లు మండిపోద్ది. నాను కన్న కల నువ్వూ ఆ దాలీ సూసీసి వొత్తారు. మండదేటి? కుళ్లుకు సస్తాను, మళ్లీ సస్తాను."

"అయితే మానెయ్యమంటావా?"

"మానేత్తే?" ఆమె మొహం నా మొహానికి ఆనేంత దగ్గరగా వచ్చింది, ఊపిరిలో టీ వాసన. "మానేత్తే నాను దేన్ని సూసి కుళ్లుకోవాల? మా అన్న జీపునా? సచ్చినా కూడా ఆ వంటింట్లోనే కూకోమంతావేటి? ఎల్లండే. నాకు కోపమొచ్చేలాగ ఎల్లండి. నాను లేనని నంగి నంగిగా నడిసినారంటే ఊరుకోను. పాటలు పాడుకుంతా ఎల్లండి. ఆ రాయి కాడ ఎగిరి గెంతండి."

"నువ్వు కూడా రా," అంటాను. ఆమె మణికట్టు పట్టుకుంటాను, కబడ్డీలో పట్టే పట్టు. "రావా మరి? ఇక్కడిదాకా వొచ్చినావు. నానీడ్సుకుపోతాను నిన్ను. వదల్ను."

"వదల్నంటే ఎలగా?"

"వదల్ను. నువ్వు సెప్పినమాట నానెప్పుడు విన్నాను గనక?"

నూకాలు నవ్వుతుంది. ఆ నవ్వుకు నా పట్టు సడలుతుంది, ఎప్పుడూ అంతే, నవ్వించి జారిపోయేది, ఏ జట్టూ ఆమెను పట్టుకోలేకపోయేది. చీర ఇంకా పైకి దోపుకుని నీళ్లలోకి దిగుతుంది.

"లోతే! పడవ నేదు!" అని అరుస్తాను.

ఆమె వెనక్కి చూడకుండా వెళ్తోంది, నీళ్లు చీలమండ దాటాయి, పిక్కలు దాటాయి, మోకాళ్ల దగ్గర ఆగాయి, ఎంత దూరం వెళ్లినా ఆ మోకాళ్ల దగ్గరే ఆగాయి, ఏటి నడి మధ్యలో నిలబడి అప్పుడు నా వైపు తిరుగుతుంది, తిరిగినా మాయం కాదు. దాలమ్మ ఏదని ఆమె అడగబోతున్నట్టు, నేను చెప్పబోతున్నట్టు, ఎవరో మా ఇద్దరి మధ్యా గట్టిగా మాట్లాడుతున్నట్టు ఉంది, ఆ మాటలు నూకాలువి కావు.

"రాకండన్నయ్యా. ఎందుకొత్తారు? మేం ఏరు దాటీసినాం. ఆఁ, అవతలే ఉన్నాం. మా ఆయనకీ సెప్పండి, పెట్రోలు దండగ."

కళ్లు తెరుస్తాను. బోర్లించిన తెప్ప నీడలో పడుకున్నాను, చెంపకు ఇసుక అంటుకుంది. సముద్రం ఎడమ చేతివైపే ఉంది. నిద్రపోయే ముందు ఎక్కడ ఉన్నామో అక్కడే ఉన్నాం, ఇవతలి ఒడ్డునే. దాలమ్మ ఫోను సంచీలో పడేస్తోంది. తన సంచీ అప్పటికే భుజాన వేసుకుంది, నా సంచీ మూతి కూడా కట్టేసింది. పొద్దుట నుంచి ఏడ్చిన కళ్లు ఇంకా ఉబ్బే ఉన్నాయి.

"దాటీసినామన్నావేటే? ఇక్కడే ఉన్నాం కదా," అంటాను.

"దాటుతాం కదా," అంటుంది నాకేసి చూడకుండా. "లెగు. నీళ్లు తగ్గినాయి, మళ్లీ పోటొచ్చీసుద్ది."

"నువ్వు ఎల్లిపోతానన్నావు..."

"అన్నాను. నువ్వు తొంగున్నాక ఒక్కదాన్నే కూకుంటే ఆలోసనొచ్చింది. అడిగినోలకి అడిగినట్టల్లా నా బతుకంతా జవాబులు సెప్పీడమే అయిపోనాది. ఇంక సెప్పను."

ఆమె నా చేతికి సంచీ అందించడానికి వంగినప్పుడు చూస్తాను. నేను నిద్రలో ఉండగా ఒంటరిగా ఏట్లోకి దిగి లోతు చూసి వచ్చినట్టుంది, సల్వారు రెండు కాళ్లూ మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి, సరిగ్గా మోకాళ్ల దాకా, ఆ పైన గుడ్డంతా పొడిగా ఉంది.