తేట నీరు

మా హేచరీలో ఆల్చిప్ప పిల్లలు పుట్టిన మర్నాడే చచ్చిపోతున్నాయి. ఆ చావులన్నిటికీ బావ నా చేతులనే తప్పుపట్టాడు. షెడ్డుకు యజమాని ఆయన. పిల్లల తొట్ల పని నాది. ఈ విడత కూడా పోతే నన్ను మాన్పిస్తానని, అక్క వింటుండగానే, భోజనాల దగ్గర అన్నాడు. అక్క కంచంలోంచి తల ఎత్తలేదు.

రోగమనుకున్నాం. తొట్లు తోమాం, గొట్టాలు మార్చాం. తెల్లవారుజామున, గాలి లేవకముందే, సముద్రపు నీరు తోడుకోవడం మా అలవాటు. అప్పుడు నీరు తేటగా ఉంటుంది. తేటదనమే మంచితనమని నమ్మాం. సూక్ష్మదర్శిని కింద పిల్లల్లో ఏ రోగమూ కనబడలేదు. చిప్ప కట్టుకోబోయి, ఉన్న కాస్త బలమూ ఆ పనికే ఖర్చుపెట్టి, కట్టలేక చచ్చాయి.

అప్పుడు నీటి ఆమ్లత్వం కొలిచే మీటరు తెచ్చి పగలూ రాత్రీ నీటిలో ఉంచాను. పొగగొట్టాలు, బండ్లు, మా నీళ్లు కాచే డీజిల్ బాయిలరు వదిలే బొగ్గుపులుసు వాయువును సముద్రం మింగుతోంది. మింగిన కొద్దీ ఆమ్లత్వం పెరిగి, చిప్పకు కావలసిన సున్నం అందడం కష్టమవుతోంది. దానికి తోడు రాత్రంతా నాచు కూడా అదే వాయువును వదులుతుంది. మీటరు చూపించిందీ అదే: తెల్లవారుజాము నీరే అన్నిటికంటే చెడ్డది. ఏరికోరి దాన్నే తోడాం.

ఆ విడతకు మధ్యాహ్నం తోడి, ఆమ్లత్వం తగ్గించే సోడా పొడి కలిపాను. పిల్లలు బతికాయి. సంగతంతా బావకు చెప్పాను. బయట అనవద్దన్నాడు.

పిల్లల్ని కొనడానికి, సముద్రంలో బుట్టలు కట్టి ఆల్చిప్పలు పెంచే పెంపకందార్లు వచ్చారు. బావ నావైపు చూపించి, “మా మరదలు ఇన్నాళ్లకు చేతులు కడుక్కోవడం నేర్చుకుంది లెండి,” అన్నాడు. అందరూ నవ్వారు.

ఒళ్లు మండిపోయింది. దోషి కనబడని నేరానికి దగ్గర్లో ఉన్న చేతులు చాలు. నా కోపానికీ దగ్గర్లో ఉన్నది బావ ముఖమే. అక్కడే ఆగిపోతే ఆయన చేసిన పనే నేనూ చేసినట్టు.

“నా చేతులు ఎప్పుడూ శుభ్రంగానే ఉన్నాయి బావా. పాడైంది నీరు. ఇక్కడ సోడా కలిపాను కాబట్టి బతికాయి. రేపు వీళ్లు వాటిని సముద్రంలో వేస్తారు. అక్కడ ఎవరు కలుపుతారు?”

నోటికాడి కూడు తీస్తున్నానని బావ పళ్లు కొరికాడు. వచ్చినవాళ్లలో పెద్దాయన మాత్రం నన్ను పక్కకు పిలిచి, పోయినేడు తన బుట్టల్లో చిప్పలు గోటితో నొక్కితే విరిగిపోయాయని, అది కూడా ఇందుకేనా అని అడిగాడు. అయ్యుండొచ్చన్నాను.

“జాగ్రత్త లేదని మా పెద్దాణ్ణి తిట్టి వెళ్లగొట్టానమ్మా. వాడు నా మాట వినడు. తప్పు వాడిది కాదని నువ్వే వచ్చి చెప్పాలి.”

బయలుదేరాను. గేటు దాటితే మళ్లీ రావద్దని బావ వెనకనుంచి అన్నాడు.

దాటాను.