మెయిను పెట్టె

కోడుమూరులో శివశంకర్ కల్యాణమండపానికి మూడంతస్తులు, ఒక లిఫ్టు. ఆ లిఫ్టు ప్రతి శుక్రవారం ఆగిపోతుంది. శనివారం కర్నూలు నుంచి మెకానిక్కు ఉరుకుందు వస్తాడు. ఇది నాలుగో శనివారం.

"ఏమప్పా ఉరుకుందూ, పోయిన వారం బాగైందంటివే! నిన్న పెండ్లికొడుకును రెండో అంతస్తు కాడ ఇరికిచ్చింది. వాని ముహూర్తం లిఫ్టులోనే దాటిపాయ," అన్నాడు శివశంకర్. "నీ చెయ్యి మంచిది కాదని ఊరంతా అంటాండారు."

కరెంటు కొట్టినా కిక్కురుమనని ఉరుకుందు ఆ మాటకు నీరుగారిపోయాడు. వైద్యుడికి హస్తవాసి ఎట్లాగో మెకానిక్కుకు చెయ్యి అట్లా. ఊళ్లో ఇంకో రెండు మేడలు లేస్తున్నాయి. ఈ మాట ఆ మేడలవాళ్ల చెవిన పడిందంటే వాటి లిఫ్టుల పని దక్కదు.

శివశంకర్ వెంట రాగా పైకెక్కి, మెషిన్ గదిలో లిఫ్టును నడిపే కంట్రోలర్ పెట్టె తలుపు తీశాడు. లోపల రిలేలు వరసగా ఉన్నాయి. తలుపు మూసుకుందో లేదో లిఫ్టుకు చెప్పే అగ్గిపెట్టెలంత డబ్బీలు అవి. ప్రతిదానికీ పసుపు, దాని మీద తడి కుంకుమ. ఇన్ని వారాలూ ఏదో పూజ బొట్లని వాటిని పట్టించుకోలేదు. పోయిన వారం తాను వేసిన కొత్త రిలేకు అన్నిటికన్నా పెద్ద బొట్టు. అది నల్లగా మాడిపోయింది. మీటరు పెట్టి చూస్తే, కలవకూడని రెండు రిలే కాళ్ల మధ్య కుంకుమే తీగై కూర్చుంది.

"ఎవరు పెట్టినారన్నా ఈ బొట్లు?"

"ఇంకెవరు, నేనే," అంటూ మెట్లెక్కి వచ్చింది శివశంకర్ తల్లి నాగలక్ష్మమ్మ. ఆమె ఆ లిఫ్టు ఒక్కసారీ ఎక్కలేదు. "ప్రతి శుక్రవారం పెడతాండా. స్విచ్చు ఆపే పెడతాలే, నాకు తెలీదా? ట్రాక్టరుకు పెడతాం, బోరు మోటారుకు పెడతాం. వీటికి పెట్టకపోతే అలగవా?"

"పాతవాటికి సరే పెద్దమ్మా, ఈ కొత్తదానికి అంత బొట్టెందుకు?"

"కొత్త కోడలప్పా అది! బొట్టు లేకుండా ఎట్ల?"

"తడి తగిలితే కాలిపోతాది పెద్దమ్మా."

"కుంకుమకు కాలిపోయేది యాడన్నా ఉండాదా!"

"అమ్మకు అడ్డం చెప్పద్దప్పా," అన్నాడు శివశంకర్. "ఆ బొట్టుతోనే ఇన్నాళ్లు కింద పడకుండా ఉండాది."

ఉరుకుందు కరెంటు ఆపి, బ్రష్షుతో బొట్లన్నీ కడిగి, ఆరబెట్టి, మాడిన రిలే తీసి కొత్తది వేశాడు. తర్వాత కిందికి దిగి, సంచిలోంచి ఒక ఖాళీ ఇనుప పెట్టె తీసి లిఫ్టు పక్కన గోడకు బిగించాడు. నాలుగు వారాలుగా కాలిన నాలుగు రిలేలను అందులో వరసగా కూర్చోబెట్టి, పైన ఒక ఎర్ర బల్బు పెట్టాడు.

"పెద్దమ్మా, ఇది మెయిను. పైదంతా దీని మాట వింటాది. పూజ దీనికే చేయల్ల. పైదానికి తాళం."

"ఈ మాట ముందే చెప్తే ఏం పాయ? నాలుగు వారాలు నన్ను మూడంతస్తులు ఎక్కిస్తివే!"

ఏడు వారాలు లిఫ్టు ఆగలేదు. జనం మెయినుకు దండం పెట్టి ఎక్కసాగారు. పేరంతా మెయినుకే వచ్చింది. ఉరుకుందు చెయ్యి మంచిదని ఒక్కరూ అనలేదు.

ఎనిమిదో వారం శివశంకర్ ఫోను చేశాడు. "బిన్నా రాప్పా, ఆలస్యం చేయద్దు! లిఫ్టు పాయ!"

ఉరుకుందు ఆ ఎండలో బండి మీద పరుగున వచ్చాడు. చూస్తే లిఫ్టు నిక్షేపంగా తిరుగుతోంది. అందులో సాంబారు గిన్నె ఒక్కటే పోతోంది. పెళ్లివారంతా మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతున్నారు.

"పనిచేస్తాండాది కదన్నా?"

"పనిచేస్తే ఏం? మెయినులో దీపం ఆరిపాయ. ఎవురూ ఎక్కరంటాండారు."

ఉరుకుందు బల్బు మార్చాడు. ఎర్రగా వెలిగింది. మెట్ల మీద ముసలాళ్లంతా "హమ్మయ్య" అంటూ వెనక్కి దిగారు. శివశంకర్ అతని భుజం చరిచాడు.

"చెయ్యంటే నీదప్పా! ఆ రెండు మేడలోళ్లకూ నీ పేరే చెప్పినా. అయితే వాళ్లకూ ఇట్లాంటి మెయినే కావల్లంట."

ఉరుకుందు తలూపాడు. పెట్టెకు నాలుగు చొప్పున ఎనిమిది కాలిన రిలేలు కావాలి. మెయిను పెట్టినప్పటి నుంచి ఒక్కటీ కాలలేదు.