పదిహేడో నంబరుకి చీటీ రాలేదు

మా ఊరి కార్ల పందేనికి చరిత్ర రాసే పని నాకు తగలడానికి కారణం, ఒకప్పుడు కుళాయి నీళ్ళ రంగు గురించి పేపరుకి ఉత్తరం రాయడం. అది అచ్చయింది. అప్పట్నించీ నాకు రాయడం వచ్చని ఊరికి అనుమానం. నీళ్ళ రంగు మాత్రం మారలేదు.

పందెం ఏడాదికోసారి. ఒక్క మనిషి పట్టే, నాలుగు చక్రాలూ బయటికి పొడుచుకొచ్చిన కార్లు ఊరి వీధుల్లోనే ముప్ఫై చుట్లు తిరుగుతాయి. మా మలుపు దాటి, గిడ్డంగుల వీధి పట్టి, రైలుకట్ట కింది సొరంగంలో దూరి, అవతల తేలి, మళ్ళీ మా మలుపుకే వస్తాయి. మా మలుపు అన్నాను గానీ ఇల్లు అత్తగారిది. ఇల్లరికం అంటే నేనొప్పుకోను. అద్దె ఇల్లు దొరికేదాకా అని వచ్చాం. పద్నాలుగేళ్ళుగా దొరకలేదు. వెతికితే దొరికేదేమో.

ఆ ఇంటి బాల్కనీలో కుర్చీ వేసుకుని, మొదటి పందెం నుంచీ నలభై ఒక్కేళ్ళుగా చుట్ల లెక్క రాసేది అత్తగారే. కారు వెళ్తుంటే దాని నంబరు రాయాలి. చుట్టుకో వరస. ఏ కారైనా దారిలో ఆగిపోతే, ఎక్కడ ఆగిందో ఎందుకు ఆగిందో చూసినవాళ్ళు చీటీ మీద రాసి, సంతకం పెట్టి పంపాలి. అది చేతికొచ్చాకే ఆవిడ ఆ నంబరు మీద స్కేలు పెట్టి గీత గీస్తారు; గీత పడ్డ కారు చివరి లెక్కలోకి రాదు. ఏడాదిలో మిగతా రోజుల్లో ఆ కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు, ఆవిడతో సహా. మా పెళ్ళికొచ్చిన చుట్టం ఒకాయన తెలియక కూర్చున్నాడు. ఆ వైపు మాకిప్పుడు చుట్టరికం లేదు.

చరిత్ర కోసం పాత కాగితాలన్నీ ముందేసుకున్నాను. మొదటి ఏడాది తప్ప ఏ ఏడాది చూసినా అత్తగారి లెక్కలో ఒక కారు ఎక్కువ. ఇరవై రెండు బయల్దేరితే ఇరవై మూడు తిరిగాయి. ఎక్కువైనది ఎప్పుడూ పదిహేడో నంబరే, ప్రతి చుట్టులోనూ అందరికన్నా వెనక.

నిజానికి పదిహేడు పరిగెత్తింది మొదటి ఏడాది ఒక్కసారే. ఆ తర్వాత ఆ నంబరు ఎవరికీ ఇవ్వలేదు, అడిగినవాళ్ళూ లేరు. నడిపినతన్ని అందరూ నిదానం అనేవారట. తొమ్మిదో చుట్టులో సొరంగంలోకి వెళ్ళాడు. బయటికి రాలేదు. నిదానం కదా, వస్తాడులే అనుకున్నారు. పందెం అయింది, కప్పు ఇచ్చారు, ఫొటోలు దిగారు, వస్తాడులే అనుకుంటూనే ఇళ్ళకి పోయారు. మర్నాడు వెతికితే సొరంగంలో మనిషీ లేడు, కారూ లేదు. ఇవతలి జెండా మనిషి లోపలికి వెళ్ళడం చూశానన్నాడు. అవతలి జెండా మనిషి ఆ సమయానికి టీ తాగుతున్నానన్నాడు. విచారణ సంఘం తప్పంతా టీదేనని తేల్చింది.

పందెం సంఘం పాత సెక్రటరీలు ఏటా ఆ ఒక్క నంబరూ చడీచప్పుడూ లేకుండా వదిలేసి లెక్క సరిచేసుకునేవారు. ఈ ఏడు వచ్చిన కొత్త సెక్రటరీ లెక్కపెట్టే మెషిను తెచ్చాడు. పందేనికి ముందురోజు మా ఇంటికొచ్చి, ప్లేటులో బిస్కెట్లన్నీ తిని, విషయం చెప్పాడు. పెద్దావిడ కాగితం మెషినుతో సరిపోతే సరే, లేకపోతే వచ్చే ఏడు నుంచి కుర్చీ అక్కర్లేదు. ఆయన వెళ్ళాక అత్తగారు కుర్చీ తుడిచారు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచారు.

పందెం రోజు పొద్దున్నే చుట్టాలు దిగారు. ఏడాదంతా మేం బతికున్నామో లేదో కనుక్కోనివాళ్ళకి ఆ ఒక్కరోజూ మా ఆరోగ్యం మీద బెంగ పుడుతుంది. వాళ్ళని మేడ మీదికి పంపి, నేను బాల్కనీలో అత్తగారి పక్కన నీళ్ళ గ్లాసు పెట్టి నిలబడ్డాను. ఆవిడకి చూపు మందగించి రెండేళ్ళయింది కాబట్టి నంబర్లు చదివే పని నాది.

మొదటి చుట్టులో ఇరవై రెండూ చదివి, అయిపోయాయన్నాను. ఆవిడ పెన్ను దించలేదు. ఆగమన్నట్టు ఎడమ చెయ్యి ఎత్తారు.

వీధి ఖాళీగా ఉంది. గాలి లేదు. రోడ్డు మీది చిత్తుకాగితం ఒకటి లేచి పక్కకి పడింది. గ్లాసులో నీళ్ళు వణికాయి. రోడ్డు దాటబోయిన పిల్లి ఆగి, ఏదో వెళ్ళేదాకా మెల్లగా తల తిప్పుతూ చూసి, అప్పుడు దాటింది.

అత్తగారు 17 అని రాశారు.

కనబడిందా అని అడిగాను.

"ఉన్నవే కనబడవు నాయనా, అదేం కనబడుతుంది. వినబడింది."

ఆరు చుట్లు అలాగే జరిగాయి. ఏడో చుట్టుకి, కుర్చీ పోతుంది అత్తయ్యా, ఆ ఒక్కటీ కొట్టేయండని బతిమాలాను.

"చీటీ రాలేదుగా," అన్నారు. "తిరిగే మనిషిని తిరగట్లేదని ఎలా రాస్తాం? మీ ఆఫీసులో అలా రాస్తారా?"

మా ఆఫీసులో అలాగే రాస్తాం. నీటి మీటరు చూడకుండా చూసినట్టు సంతకం పెట్టడం ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో నాకు అబ్బిన ఒకే ఒక్క విద్య. కిందికి వెళ్ళి చీటీ రాశాను. నంబరు పదిహేడు. ఎందుకు ఆగింది: పెట్రోలు అయిపోయింది. ఎక్కడ ఆగింది అన్నచోట, సొరంగం అని రాయడానికి చెయ్యి రాలేదు. ఎదురుగా ఏది కనబడితే అది రాశాను: మా గేటు ముందు. సంతకం, తేదీ పెట్టి పైకి తెచ్చాను.

ఆవిడ చీటీని రెండుసార్లు చదివించుకున్నారు.

"మీరు కళ్ళారా చూశారా?"

"చూశాను," అన్నాను.

స్కేలు పెట్టి గీత గీశారు. ఆ తర్వాతి చుట్టు నుంచి కాగితం లేవలేదు, గ్లాసులో నీళ్ళు కదల్లేదు. చివరికి లెక్క మెషినుతో అణాపైసలతో సహా సరిపోయింది. సెక్రటరీ అత్తగారికి దండం పెట్టి, ఆవిడ ఉన్నన్నాళ్ళూ కుర్చీ ఆవిడదేనన్నాడు. ఆవిడ నవ్వలేదు.

సాయంత్రం చుట్టాలు బయల్దేరారు. గేటు సగమే తెరుచుకుంది. మా గేటు బయటివైపుకి తెరుచుకుంటుంది. దాని ముందు బళ్ళు ఆపరాదని మూడు సైజుల్లో బోర్డులు పెట్టించాను. ఆ పట్టుదల వల్ల ఈ వీధిలో నాతో మాట్లాడేవాళ్ళు ఇద్దరు మిగిలారు. గట్టిగా తోశాను. దేనికో తగిలి రేకు చప్పుడైంది. అవతల చూస్తే ఖాళీ రోడ్డు. చెయ్యి చాపాను. నడుమెత్తులో గాలి ఒకచోట గట్టిగా ఉంది. వేడిగా కూడా ఉంది. కాలిన రబ్బరు వాసన వేసింది.

చుట్టాలు ఒక్కొక్కరే పక్కవాటుగా దూరి వెళ్ళారు. లావుపాటి బాబాయి మాత్రం పట్టక నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉండిపోయాడు. ఏమండీ, చీటీ రాసేముందు కాస్త ఆలోచించాల్సింది అని మా ఆవిడ రోజుకి రెండుసార్లు అనేది, వంట చేసినప్పుడల్లా.

ఐదో రోజు పొద్దున అత్తగారు గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. గేటు సందులోంచి చెయ్యి చాపి, ఆ వేడి మీద ఆనించి, చాలాసేపు నిలబడ్డారు.

"పెట్రోలు అయిపోయిందని రాసింది మీరే కదా?"

"నేనే."

"మరి పోయండి."

పోస్తే మళ్ళీ తిరుగుతాడని, వచ్చే ఏడు లెక్క తప్పుతుందని, కుర్చీ పోతుందని చెప్పాను. విని తలూపారు.

"కుర్చీ పోతే నేల మీద కూర్చుంటాను. నలభై ఒక్కేళ్ళు ఒక్క చుట్టు వదలకుండా రాశాను. మన గేటు ముందు ఆపేస్తానా?"

స్కూటరు కోసం దాచిన డబ్బా తెచ్చి, గాలిలోకి వంచాను. రెండు లీటర్లు గుటగుటమని దిగింది. నేల మీద చుక్క పడలేదు. కాసేపటికి గేటు దానంతటదే పూర్తిగా తెరుచుకుంది. బాబాయి సంచీ తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

నేను పైకి వెళ్ళేసరికి అత్తగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. పందెం రోజు కాదు. కింద బస్సులు, సైకిళ్ళు వాటి దారిన అవి పోతున్నాయి. ఆవిడ ఒళ్ళో కొత్త కాగితం, పక్కన నీళ్ళ గ్లాసు.

మూడు నిమిషాలు కూడా కాలేదు, గ్లాసులో నీళ్ళు వణికాయి. ఆవిడ 17 అని రాశారు. నీళ్ళు సర్దుకోకముందే మళ్ళీ వణికాయి. ఇంకోసారి రాసి, పెన్ను ఎత్తి పట్టుకుని అన్నారు:

"తొందరపడుతున్నాడు, పాపం. చాలా ఆలస్యమైందని తెలిసినట్టుంది."