అద్దాల మీద ఆవిరి

అమ్మ పోయాక నాన్న ఆమె ముఖాన్ని మైనంతో చేశాడు. అది పూర్తవుతుండగానే ఆయన చేతులకు వణుకు పట్టుకుంది. ఇంకో ముఖం చేయడం కల్ల. ఉన్న ఆ ఒక్కదాన్నీ కంచులో పోతపోసే పని అక్క నెత్తిన పడింది.

మా పనిలో తిరకాసేమిటంటే, మైనం బొమ్మ మీద మట్టి మెత్తి వేడి చేయాలి. మైనం కరిగి కన్నంలోంచి కారిపోతుంది. లోపల మిగిలిన ఖాళీలో కరిగిన కంచు పోయాలి. పోత చెడితే ఇక మైనమూ లేదు, అమ్మా లేదు. ఆ మైనం బొట్లుబొట్లుగా కారుతుంటే నాన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కొలిమిలో కంచు ఎర్రగా కరిగి నీళ్ళలా కదులుతోంది. ఎన్నేళ్ళు చూసినా నాకు దాని మీద మోజు తీరదు. సుత్తికి లొంగని మొండిఘటం, సెగ తగిలేసరికి పోసినచోటికల్లా పోతుంది.

“పోసెయ్యమ్మా, ఇంకా చూస్తావేం?” అన్నాడు నాన్న.

అక్క ఆయన ముక్కు మీది కళ్ళజోడు లాగేసుకుని అచ్చు కన్నం మీద పట్టింది. అద్దాలు మసకబారాయి.

“మట్టిలో ఇంకా తడుంది నాన్నా. ఇప్పుడు పోస్తే అదంతా ఒక్కసారిగా ఆవిరై అచ్చు పగిలిపోతుంది.”

“ఆ కాస్త తడికేనా? ఈలోగా కంచు గడ్డకట్టి చస్తుంది!”

“కట్టనీ. కంచుని మళ్ళీ కరిగించుకోవచ్చు. అమ్మని మళ్ళీ చేయగలవా?”

అంత మాట అంటుందా అని నాకు ఒళ్ళు మండింది. కానీ ఎర్రగా కాగిన కంచును ముందు పెట్టుకుని వద్దనడానికి ఎంత గుండె కావాలో ఈ పని చేసేవాళ్ళకే తెలుసు. నాకైతే లేదు. కోపంలోనే అక్కకు దండం పెట్టాలనిపించింది.

మర్నాడంతా అచ్చును సన్నని సెగ మీద ఉంచింది. సాయంత్రం కళ్ళజోడు మళ్ళీ గుంజుకుంది. ఈసారి అద్దాలు తేటగా ఉన్నాయి. అప్పుడు కంచును మళ్ళీ కరిగించి పోసింది, ఒక్క చుక్క తొణక్కుండా.

కంచు గట్టిపడ్డాక మట్టి కొట్టి తీశాం. అచ్చం అమ్మే! నవ్వు ఆపుకునేటప్పుడు బిగించే ఆ పెదవులతో సహా దిగింది. చెంప మీద మాత్రం నాన్న బొటనవేలి ముద్ర పడి ఉంది.

“అప్పుడే చెయ్యి వణికింది నాకు. ఆకురాయితో రాసెయ్యమ్మా,” అన్నాడు నాన్న చిన్నబోయి.

అక్క ఆకురాయి అందుకుంది. ఆ ముద్రను కాసేపు చూసింది. ఆకురాయి కింద పెట్టేసి, నాన్న బొటనవేలు పట్టుకుని అదే చోట ఆనించింది. కంచు ఇంకా గోరువెచ్చగా ఉంది. నాన్న చెయ్యి తీయలేదు.