ఈరయ్య ఒంటెద్దు కెమిస్ట్రీ

మిరుగం కార్తెలో అంత మంచి వాన పడితే యాలాల్ దిక్కున ఏ రైతూ ఇంట్లో కూర్చోడు. ఈరయ్య కూర్చున్నాడు. కూర్చోక ఏం చేస్తాడు, కంది విత్తాలంటే గొర్రుకు రెండు ఎడ్లు కావాలి, ఆయనకున్నది ఒక్కటే. నల్లరేగడి తడి మీద ట్రాక్టర్ దించితే దిగబడుతుంది. నేలలో పదును రేపటికి మించి ఆగదు. అది పోయిందా, ఈ ఏటి కంది మీద ఆశ వదులుకోవాల్సిందే.

మరి ఇన్నేళ్లు ఒక్క ఎద్దుతో ఎట్లా నెట్టుకొచ్చాడంటారా? పక్క చేను మత్తయ్యకూ ఒక్కటే ఎద్దు. రెండింటినీ ఒకే కాడికి కట్టి ఒకనాడు ఈయన చేను, ఒకనాడు ఆయన చేను చేసుకునేవారు. ఈరయ్యది దాపటెద్దు, అంటే కాడికి ఎడమ పక్కన నడిచేది. మత్తయ్యది కుడి పక్కది. హాయిగా సాగిపోతుండగా మత్తయ్యకు నోటిదురద పుట్టింది. హోటల్లో చాయ్ తాగుతూ నలుగురి ముందర, "నా ఎద్దే గుంజుతది. ఈరయ్యది పక్కపొంటి ఊకె నడుస్తది" అనేశాడు.

ఈరయ్య తననేమన్నా పడతాడు గానీ తన ఎద్దును అంటే పడడు. "ఇగ నీ ఎద్దు నీకు, నా ఎద్దు నాకు" అని తాడు విప్పుకొని వచ్చేశాడు.

ఆ పౌరుషంతోనే ఇవాళ పొద్దున బామ్మర్ది దశరథ్ దగ్గర్నుంచి ఎద్దును తోలుకొచ్చాడు. చూడ్డానికి మస్తుగా ఉంది. ఎద్దును తెచ్చుకునేవాడు ముందు అడగాల్సింది అది ఏ పక్కన నడుస్తుందని. కోపంలో ఆయన అదొక్కటే మరిచాడు. కాడి కట్టాక తెలిసింది, అదీ దాపటిదే! ఎడమ పక్క నాదంటే నాదని రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ గొర్రును గుండ్రంగా తిప్పాయి. ఒడిలో విత్తనాలు కట్టుకొని నిలబడ్డ భార్య బుగ్గమ్మ గట్టు మీద కూలబడి నవ్వింది.

"విత్తనం ఏస్తున్నవా, బతుకమ్మ ఆడుతున్నవా?"

సాయంత్రానికి దశరథ్ ఎద్దు దశరథ్ ఇంటికి పోయింది. ఈరయ్య తన ఒంటెద్దుకు గడ్డి వేస్తున్నాడు. తాండూరులో ఇంటర్ చదివే బిడ్డ అంబిక అరుగు మీద కూర్చొని పాఠం పైకే చదువుతోంది.

"హైడ్రోజన్ పరమాణువుకు ఉన్నది ఒకటే ఎలక్ట్రాన్. కుదురుగా ఉండాలంటే రెండు కావాలి..."

"ఎవల దగ్గరనన్న తెచ్చుకోరాదు?" అన్నాడు ఈరయ్య, అటు తిరగకుండానే.

"కొన్ని గట్లనే చేస్తయి నాయినా. సోడియం తన బయటి ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేస్తది. ఇచ్చింది ఒకటి, తీసుకున్నది ఒకటి. రెండూ అతుక్కుంటే మనం తినే ఉప్పు. కని హైడ్రోజన్ ఇంకో హైడ్రోజన్ దగ్గర గుంజుకోలేదు గద. రెండూ ఒంటియే. అందుకే చెరొకటి నడుమల పెడతయి. ఆ జోడిని రెండూ వాడుకుంటయి. దేన్ని అడిగినా రెండూ నాయే అంటది."

ఈరయ్య చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది.

"మరి ఎవలు ఎక్కువ గుంజుతరని లొల్లి కాదా?"

"రెండూ హైడ్రోజన్లే అయితే సమానం. నీళ్లల్ల మాత్రం ఆక్సిజన్ జర ఎక్కువనే గుంజుతది."

"గట్ల చెప్పు! మరి హైడ్రోజన్ తాడు విప్పుకొని ఇంటికి రాదా?"

అంబిక నవ్వు ఆపుకోలేకపోయింది. "వస్తే నీళ్లెక్కడియి నాయినా?"

"నీళ్లు తర్వాత బిడ్డా, కందిపప్పు ఎక్కడిదని అడుగు!" లోపల్నుంచి బుగ్గమ్మ అందుకుంది.

ఈరయ్యకు ముందు తల్లీబిడ్డల మీద కోపం వచ్చింది, తర్వాత హైడ్రోజన్ మీద. చివరికి తన మీదే వచ్చింది. మత్తయ్య ఎద్దు ఎక్కువ గుంజేది నిజమే. అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాడు, నిజం గనుకే అంత కాలింది.

తెల్లారగానే ఎద్దును పట్టుకొని బయల్దేరాడు. బాట మలుపు తిరిగాడో లేదో, ఎదురుగా మత్తయ్య! భుజం మీద కాడి, వెనక ఎద్దు. ఇద్దరూ ఆగిపోయారు. ఈరయ్యే ముందు మాట కలిపాడు.

"మత్తన్నా, నీ ఎద్దు జర ఎక్కువనే గుంజుతది. ఒప్పుకుంటున్న."

మత్తయ్య కాళ్ల దిక్కు చూశాడు. "ఎంత గుంజితే ఏం ఫాయిద తమ్మీ? నిన్న ఒంటిగ కట్టి చూసిన. సాలు ఇడిసి గట్టు మీద పడ్డది. సక్కగ నడిపేది నీదే. గది నాకు ఎర్కలేక కూసిన."

ఈరయ్యకు కళ్లు చెమర్చాయి. ఈలోపే ఈరయ్య ఎద్దు ఎడమకు జరిగింది, మత్తయ్యది కుడికి వచ్చింది. భుజం భుజం కలిపి రెండూ నిలబడ్డాయి. కాడి ఇంకా మత్తయ్య భుజం మీదే ఉంది.

"మనకంటే అవే నయం" అన్నాడు మత్తయ్య. "నడు, ముందుగాల నీ చేను. మాపటికి నాది."

గొర్రు చక్కగా సాగింది. వెనక బుగ్గమ్మ పాట అందుకొని విత్తనం జారవిడుస్తోంది. కరణ్‌కోటకు పోయే లారీ ఒకటి రోడ్డు మీద ఆగింది. డ్రైవర్ ఈ దిక్కుకు కొత్తవాడు, తల బయటపెట్టి కేకేశాడు.

"జోడి మస్తుగుంది! ఎవలియి ఎడ్లు?"

"నాయే!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.