బూథియా తీరాన ఒక చిన్న అఖాతం

...అయినా కెనడా ఉత్తరాన మంచు సముద్రంలో పడమటికి తోవ వెతికిన ఆ ఇంగ్లీషువాళ్ళకి దారి లేదని అక్కడివాళ్ళు ముందే చెప్పారు కదా. 1830లో వాళ్ళ ఓడ మంచులో బిగుసుకుపోయినప్పుడు, అక్కడి ఇన్యూట్ తెగ మనిషొకడు పెన్సిల్ అందుకుని బూథియా సింధుశాఖ దక్షిణపు కొస గీసి చూపించాడు: ఆ పక్కంతా నేలే, ఓడ పోదు. ఆ గీత గురించి చదివినప్పుడల్లా రేవంత్‌కి ఎందుకో హాయిగా ఉంటుంది. ఇక వెతకక్కర్లేదని తెలియడంలో ఒక విశ్రాంతి ఉంది.

ఐర్లండ్‌లోని గాల్వేలో అతని ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఆ సింధుశాఖ, అంటే గల్ఫ్ ఆఫ్ బూథియా, మ్యాపే. శుక్రవారం ఇచ్చెయ్యాలి, ఆలస్యమైతే మార్కులు కోస్తారు. సూపర్‌వైజర్ చూసి, బాగానే ఉందన్నట్టు, ‘గ్రాండ్’ అనేసింది కూడా. పడమటి తీరంలో ఒక చిన్న అఖాతం పక్కన మాత్రం ‘పేరు లేదు’ అని ఉంది. పాత ఓడల చార్టుల్లో దానికి పేరు దొరకలేదు.

రూమ్మేట్ లాజరస్ టీ గ్లాసుతో వచ్చి స్క్రీన్‌లోకి తొంగిచూశాడు.

“మా నాయన పోయిన గల్ఫ్‌లో ఎండ, నీ గల్ఫ్‌లో మంచు. మనుషులుండారా ఆడ అసలు?”

“వేల ఏళ్ళ నుంచి ఉన్నార్రా.”

“వేల ఏళ్ళుండి దీనికి పేరు పెట్టుకోలేదా? మా కడపలో బిస్కెట్ ఫ్యాక్టరీ మూసి ముప్పై ఏళ్ళాయ, ఇంకా బిస్కెట్ సందు అనే అంటారు. ఏ మ్యాపులోనూ ఉండదు. ఆటోవాణ్ణడుగు, చెప్తాడు.” నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

రేవంత్‌కి కోపం రాలేదు. ‘పేరు లేదు’ అని రాసేముందు తను ఎవర్నీ అడగలేదు, అంతే. తీరంలోని కుగారుక్ ఊరి ఆఫీసు నంబరు రెండు నెలలుగా ఫోన్‌లో ఉంది. మొహమాటమని తనకి తాను చెప్పుకున్నాడు. నిజానికి భయం: ఒక పేరు అడిగితే ఓడల చార్టుల్లోంచి ఎత్తిన మిగతా నలభై చోట్ల పేర్లూ అడగాలి, పూర్తయిన మ్యాపు మళ్ళీ విప్పాలి, శుక్రవారం పోతుంది. అడగకపోతే ఎవరికీ తెలియదు. తనకి తప్ప.

ఇలా తేటగా ఒప్పుకున్నాక మనసు తేలికపడింది. మార్కులు కొన్ని పోతే పోతాయి. ఆ ఓడవాళ్ళైనా పెన్సిల్ ఇచ్చి అడిగారు.

ఇక్కడ సాయంత్రం నాలుగు. అక్కడ పొద్దున తొమ్మిది, ఆఫీసు తెరిచే వేళ.

నంబరు నొక్కి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.