పచ్చపురుగుల గుడారం

పొద్దున్నే కొట్టు తెరవబోయే ముందు శ్రీకృష్ణ వసారాలో సామాను పరుచుకుని కూర్చోవడం తొంభై ఏడు కార్తీకం నుంచి అలవాటైపోయింది. నీలం గుడారం, పడుకునే సంచి, కిరసనాయిలు స్టవ్వు, రెండు ట్యూబులు, టార్చిలైటు, భార్య అఖిల పెట్టిన నల్లకారం డబ్బా. మోటారు సైకిలు మీద హిమాలయాల దాకా పోయి, మంచు పక్కన గుడారం వేసుకుని పడుకోవాలని అతని కోరిక. అక్కడ పత్తి చేలుండవు, పురుగుండదు, పురుగుమందు కావాలని వచ్చేవాడూ ఉండడు. ప్రత్తిపాడులో పురుగుమందుల కొట్టు నడిపేవాడికి అంతకంటే స్వర్గం ఏముంటుంది?

ఆ రోజూ పడుకునే సంచి జిప్పు లాగాడు. లోపల నిండా పచ్చపురుగులు.

"ఛీ!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బలిసిన పురుగులు మడతల్లో మెత్తగా కదులుతున్నాయి. నిన్న కిరసనాయిలుతో తుడిచి, ఎండలో వేసి మరీ సర్దిన సంచి అది. బీరువాలో బట్టల జోలికి పోవు, బియ్యం డబ్బా జోలికి పోవు. ప్రయాణానికని అతను ఏది సర్దితే అందులోకే, చుట్టుపక్కల పత్తి చేలల్లోంచి నడిచొచ్చి తెల్లారేసరికి కాపురం పెడతాయి.

"మళ్లీ వచ్చాయా?" అంది అఖిల కాఫీ గ్లాసు అందిస్తూ. "పెరట్లోకి తీసుకెళ్లి దులపండి. గచ్చు మీద నలిగితే మరక పోదు."

అంతే. ఆమెకు అది పిల్లి పాలు తాగినదానికంటే పెద్ద సంగతి కాదు. మెకానిక్ సుభానీ కూడా అంతే. క్యారియర్ బిగిస్తూ, సంచిలోంచి పాకుతున్నవాటిని చూసి, "అన్నా, కింద రేకు వేస్తా. ఇవి నలిగి చైను మీద పడితే జారుద్ది," అన్నాడు.

ఊళ్లో ఎవరికీ లేని రోత శ్రీకృష్ణ ఒక్కడికే వచ్చిపడింది. అన్నం కలుపుకుంటే వేళ్ల మధ్య అవే మెసిలినట్టుండేది. ఆ రోత ఎక్కడ మొదలైందో అతనికి తెలుసు. ఆ ఏడు కొట్లోకి వచ్చిన కొత్త మందు మూత తీస్తే ఘాటు లేదు. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడాలి, తెల్లబడలేదు. అది చూసి కూడా అమ్మాడు. రైతులు కొట్టారు, మళ్లీ కొట్టారు. పూత రాలింది, కాయ డొల్లయింది, పురుగు మాత్రం బలిసింది. అయినా అతన్ని ఒక్కరూ తిట్టలేదు. ఇంకేదైనా మందు ఇవ్వమని చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. ఆ నిలబడటం చూస్తే తన మొహాన తనే ఉమ్ముకోవాలనిపించేది. ఉమ్ముకోలేక సామాను సర్దుకునేవాడు.

బయల్దేరే ముందురోజు పత్తి రైతు పేరయ్య కొట్టుకి వచ్చాడు.

"ఒక సీసా ఇవ్వు నాయనా. పాతది, ఘాటుది."

"చేలో మందు కొట్టడం మానేశావంట గదా బాబాయ్?"

"మానేశా."

"మరి సీసా ఎందుకు?"

పేరయ్య బల్ల మీది దుమ్మును తువ్వాలుతో తుడిచాడు. "ఉంటదిలే, ఇంట్లో."

మందు కొట్టడం మానేసిన రైతు సీసా ఎందుకడుగుతాడో ఆ ఏడు జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. లేదన్నాడు శ్రీకృష్ణ. పేరయ్య తలూపి ఎదురు కొట్టు మెట్లెక్కాడు. పిలవాలనిపించింది. పిలవలేదు. లోపలికొచ్చి సామాను సంచి పట్టీలు బిగించాడు.

మర్నాడు ఎండెక్కకముందే అఖిల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఎదురొచ్చింది. "ఎస్టీడీ బూత్ కనపడ్డచోటల్లా పక్కింటికి ఫోన్ చెయ్యండి," అంది.

గుంటూరు రోడ్డెక్కి నాలుగు మైళ్లు పోలేదు, చొక్కాలో ఏదో పాకింది. మెడ మీద ఇంకోటి. హెల్మెట్ లోపల, చెవి పక్కన ఇంకోటి. బండాపి, చొక్కా విప్పి అవతల పారేశాడు. తిట్టుకుంటూ కట్లు విప్పి, గుడారం లాక్కెళ్లి దులుపుదామని పక్క చేలో పరిచాడు. అది పేరయ్య చేను. గట్టు మీద పేరయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తువ్వాలు, తువ్వాలులో సీసా.

ఒకరినొకరు చూసుకున్నారు.

గాలి లేదు, అయినా ఆకులు కదిలాయి. కాయలకున్న బొక్కల్లోంచి పురుగులు తలలు బయటపెట్టాయి. మొక్క మొక్క నుంచీ దిగి, సాళ్ల వెంట పాకుతూ వచ్చి గుడారం ఎక్కాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి, చివరికి నీలం గుడ్డ కనపడకుండా పోయింది. పసరు కంపు గుప్పుమంది. శ్రీకృష్ణ గట్టు మీద కూలబడి పొద్దున తిన్న ఇడ్లీలన్నీ కక్కేశాడు.

పేరయ్య లేచి చేలోకి నడిచాడు. ఒక మొక్క వంచి చూశాడు. ఇంకోటి వంచాడు.

"పురుగు దిగిపోయింది, పై కాయ నిలబడుద్ది అబ్బాయ్," అన్నాడు. "రా, గుడారం ఆ కొస పట్టుకో."

"నా వల్ల కాదు బాబాయ్. రోత."

"రోతే. పట్టుకో."

పట్టుకున్నాడు. మూట మెత్తగా, బరువుగా, లోపల్లోపల కదులుతూ తొడకు తగిలింది. పేరయ్య తవ్విన గుంటలో కుమ్మరించి మన్ను కప్పారు. మళ్లీ పరిచారు. మళ్లీ వచ్చాయి. పొద్దు నడినెత్తికొచ్చేసరికి చేలో పురుగన్నది లేదు.

పేరయ్య కాలవలో చేతులు కడుక్కొచ్చి తువ్వాలు విప్పాడు. సీసాకు సీలు అలాగే ఉంది. దాన్ని శ్రీకృష్ణ సామాను సంచిలో, నల్లకారం డబ్బా పక్కన పెట్టాడు.

"తీసుకెళ్లు," అన్నాడు. "ఇంట్లో వద్దులే."

అప్పటికే రోడ్డు మీద నలుగురు పోగయ్యారు. కాలవ అవతల కౌలుకు చేసే కొండమ్మ ముందుకొచ్చింది. "మా చేను కూడా చూడు తమ్ముడూ. ఇప్పుడొస్తావా, అన్నం తినొస్తావా?"

అన్నం మాట వినగానే శ్రీకృష్ణ చేతులు వాసన చూసుకుని మొహం తిప్పుకున్నాడు. ఎన్నిసార్లు కడిగినా ఈ కంపు పోదని అర్థమైంది.

"ఇప్పుడే వస్తా," అన్నాడు. "అన్నం వద్దు."

గుడారం మడిచి క్యారియర్‌కు కట్టాడు. ఇన్నాళ్లకు మడతల్లో ఒక్క పురుగూ లేదు. గుంటూరు వైపున్న బండిని కాలవ గట్టు మీదకు తిప్పాడు. గతుకు గతుకుకీ సంచిలో సీసా నల్లకారం డబ్బాకు తగిలి దారంతా టంగుటంగుమంటూనే ఉంది.